ఊపిరి బిగబట్టిన అర నిమిషం

కుముదిని ఆ ఉదయం చేసిన లెక్కలో తప్పేమీ లేదు. ముప్పై రెండుని అరవైతో భాగిస్తే సున్నా పాయింటు యాభై మూడు వస్తుంది. ఏ కాలిక్యులేటర్ని అడిగినా అదే చెబుతుంది. అయినా మనిషి ప్రాణం మీదికి తెచ్చింది ఆ లెక్కే. లెక్క తప్పితే దిద్దుకోవచ్చుగానీ, లెక్క ఒప్పయ్యాక ఇంకేం దిద్దుతాం చెప్పండి?

ఆ ప్రాణం ఎవరిదో కాదు, ఆవిడ మొగుడు ఫల్గుణరావుదే.

ఫల్గుణరావు రామచంద్రపురంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్సు చెప్పే మేష్టారు. పిల్లలకి ఆయనంటే ఎంత ఇష్టమో ఆయన దిద్దే పేపర్లంటే అంత హడలు. లెక్కంతా సరిగ్గా చేసి, చివర అంకె పక్కన ప్రమాణం రాయకపోతే అరమార్కు కోసేసేవాడు. "ప్రమాణం రాయని అంకె చిరునామా రాయని ఉత్తరంరా. ఎవరింటికి పోతుందో దేవుడికి కూడా తెలీదు" అనేవాడు. అలాంటి మనిషికి ఓ వానాకాలం విషజ్వరం వచ్చి తగ్గింది. జ్వరమైతే తగ్గిందిగానీ గుండె తాళం తప్పింది. నిమిషానికి నూట నలభైసార్లు కొట్టి, ఉన్నట్టుండి రెండు దెబ్బలు ఎగ్గొట్టి, మళ్ళీ పరుగందుకునేది. పేస్‌మేకర్ పెట్టారు. ఆ తీగ తగిలినచోటల్లా కండ చచ్చుబడిపోవడంతో తీసేశారు. ఇక నెలో రెణ్ణెల్లో అన్నారు డాక్టర్లు.

కుముదిని కాకినాడలో ఓ పరిశోధనాలయంలో ఇంజనీరు. విచిత్రమేమిటంటే, అప్పటికి నాలుగేళ్ళుగా ఆవిడ చేస్తున్న పని కూడా గుండె తాళం గురించే. ఆవిడ కనిపెట్టిన సంగతి చెప్పుకోడానికి చిన్నదే. జబ్బుపడ్డ గుండెకి గడియారంలా ఒకే ఎడంతో దెబ్బ కొట్టి చూపిస్తే అది నమ్మదు. మంచి గుండె అలా కొట్టదు కదా! ఊపిరి పీల్చినప్పుడు కాస్త తొందరపడుతుంది, వదిలినప్పుడు కాస్త నిదానిస్తుంది. ఆ కాస్త ఎగుడుదిగుడు ఉంటేనే జబ్బు గుండె 'ఇది నా జాతిదే' అని గుర్తుపట్టి దాని వెనకాల నడుస్తుంది. అందుకని ఆవిడ రెండు పట్టీలు తయారుచేసింది. ఒకటి ఆరోగ్యంగా ఉన్న మనిషి రొమ్ముకి, ఇంకోటి రోగి రొమ్ముకి. మొదటి పట్టీ దెబ్బని వింటుంది, రెండోది అదే దెబ్బని చర్మం మీద మెత్తగా తడుతుంది. దాని పేరు జతపట్టీ.

అయితే ఎవరి గుండె పడితే వారి గుండె పనికిరాదు. నడక కలవాలి. ఫల్గుణరావు కోసం నూటపన్నెండుమంది వచ్చి పట్టీ పెట్టించుకుని వెళ్ళారు. ఒక్కరిదీ కలవలేదు. నూటపదమూడోవాణ్ణి మేష్టారి పాత శిష్యురాలు సుభాషిణి వెంటబెట్టుకొచ్చింది. ఆయన ఆ పిల్ల తండ్రి. పేరు నూకరాజు. మండపేట అవతల ఓ రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. కరెంటు మిల్లులొచ్చి ఎన్నేళ్ళయినా ఆ మిల్లు ఓనరు పాత ఆయిలింజను మీద మమకారం చంపుకోలేదు, నూకరాజునీ వదులుకోలేదు.

పట్టీ పెట్టిన పదినిమిషాల్లో తెరమీద రెండు గీతలూ ఒకదాని పక్కన ఒకటి అన్నదమ్ముల్లా నడిచాయి. కుముదిని కుర్చీలోంచి లేచిపోయింది.

"నూకరాజుగారూ, మీదే కలిసింది! కానీ ముందే చెబుతున్నా, ఒకసారి జత కుదిరాక ఈ పట్టీ మీరు జీవితాంతం తియ్యడానికి లేదు. మీరెక్కడున్నా ఫోను సిగ్నలు మీద మీ దెబ్బ ఆయనకి అందుతూ ఉండాలి. ఆలోచించుకోండి."

"ఆలోచించేదేటుందండీ?" అన్నాడు నూకరాజు. "మా పిల్లకి ఫిజిక్సంటే ఏడుపొచ్చేదండి. మేష్టారు సాయంత్రాలు ఇంటి అరుగుమీద కూకోబెట్టి, పైసా పుచ్చుకోకుండా చెప్పేరు. ఇయ్యాల అది నర్సుజ్జోగం చేస్తందంటే ఆయన చలవేనండి. ఆయ్, పట్టీ అంటారా? మొలతాడు లేదేటండీ, అదీ అంతే."

సుభాషిణి కొంగుతో కళ్ళొత్తుకుంది. కుముదిని రెండు చేతులూ జోడించింది. నూకరాజు కంగారుపడి, "అయ్యో, అలా దణ్ణాలు పెట్టకండమ్మా, ఆయుక్షీణం!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే పక్కగదిలోంచి, ఫల్గుణరావుని కనిపెట్టుకునున్న డాక్టర్ సలీమా కేక వినబడింది. ఫల్గుణరావుకి మళ్ళీ గుండె తప్పుతోంది. రేపటిదాకా ఆగే వీల్లేదు, ఇప్పుడే జత కట్టాలంది సలీమా.

పని మొదలెట్టేముందు యంత్రానికి ఓ అంకె చెప్పాలి. దాత గుండె మామూలుగా ఎంత వేగంతో కొడుతుందో సెకనుకి ఇన్నిసార్లని, అంటే హెర్ట్జుల్లో. మేష్టారి పాఠంలో దాన్ని పౌనఃపున్యం అంటారు. కుముదిని పట్టీ చూసింది. నిమిషానికి అరవైనాలుగు అంది పట్టీ.

"నూకరాజుగారూ, మీ నాడి మామూలుగా ఎంతుంటుందో ఎప్పుడైనా చూసుకున్నారా?"

"రోజూ చూసుకుంటానండి! పొద్దున్నే ఇంజను దెబ్బలు లెక్కెట్టేక, ఆ చేత్తోటే నాదీ చూసుకుంటాను. ముప్పై రెండు. ముప్పయ్యేళ్ళబట్టీ అంతేనండి, ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు."

అరవైనాలుగు, ముప్పై రెండు. సరిగ్గా రెట్టింపు! కుముదిని పెదవి మీద చిన్న నవ్వు కూడా వచ్చింది. జతపట్టీకి ఓ పాత జబ్బుంది. గుండె ఒకసారి కొట్టినప్పుడు వచ్చే రెండు చప్పుళ్ళనీ, లబ్ అనేదాన్నీ డబ్ అనేదాన్నీ, విడివిడిగా లెక్కేసి ఒకటిని రెండు చేస్తుంది. మళ్ళీ అదే రోగం అనుకుంది ఆవిడ. కాయకష్టం చేసేవాళ్ళకి నాడి నిదానంగా ఉంటుందని ఎక్కడో చదివింది కూడా. పట్టీతో 'రెండు దెబ్బలకి ఒకటే పంపు' అని చెప్పి, ముప్పై రెండుని అరవైతో భాగించి, సున్నా పాయింటు ఐదు మూడు అని కొట్టేసింది.

చెయ్యి పట్టుకు చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. మొగుడు పక్కగదిలో ఊపిరందక కొట్టుకుంటుంటే ఆ ఒక్క నిమిషమే ఆవిడకి కరువైంది. తొందరపడితే ఏమవుతుందో మన పెద్దవాళ్ళు చెప్పనే చెప్పారు, కానీ తొందరలో పెద్దవాళ్ళెవరికి గుర్తొస్తారు?

పదిగంటలకి రెండు మంచాలూ పక్కపక్కన వేశారు. నూకరాజు వెల్లకిలా పడుకుని, తనకి తోచినట్టుగా, మేష్టారి మణికట్టు పట్టుకున్నాడు. తెరమీద ఫల్గుణరావు అంకె రెండు దగ్గర మొదలైంది. ఒకటిన్నరకి దిగింది. ఒకటికి దిగింది. కుముదిని గుండెల మీద చెయ్యేసుకుని చూస్తోంది. నాలుగు నెలల్లో ఎన్నడూ లేంది, ఆ గీత తిన్నగా నడుస్తోంది. సున్నా పాయింటు ఎనిమిది. సున్నా పాయింటు ఆరు. చివరికి సున్నా పాయింటు ఐదు మూడు దగ్గర నిలబడి, పచ్చదీపం వెలిగింది.

"కుదిరింది సలీమా! అచ్చంగా కుదిరింది!"

సలీమా ఫల్గుణరావు కనురెప్పలు ఎత్తి చూస్తోంది. ఆవిడ మొహంలో సంతోషం లేదు.

"మనిషి బూడిదరంగుకి తిరిగాడు కుముదినీ. నాకీ హెర్ట్జుల గోల తెలీదు, నిమిషానికి ఎంతో చెప్పు."

"ముప్పై రెండు. అరవైతో గుణించుకో."

"ముప్పై రెండా! ముప్పై రెండుతో ఈయన బతకడు తల్లీ!"

"మరి నూకరాజుగారిదీ అంతేగా, ఆయన బతకడంలేదూ?"

నూకరాజు కళ్ళు మూసుకుని, బుగ్గలు బిగించి, ఊపిరి బిగబట్టి ఉన్నాడు. మేష్టారి మణికట్టు మీద ఆయన వేళ్ళు కదలడంలేదు. కాసేపటికి బుస్సుమని ఊపిరి వదిలి కళ్ళు తెరిచాడు.

"అమ్మా, ఇంజను మిస్సు కొడతంది. నాది రెండు కొడితే మేష్టారిది ఒకటే కొడతంది. ఒకటి కొట్టి ఒకటి ఎగ్గొడతంది."

"మీదే ముప్పై రెండు కదండీ!"

"ఆయ్, ముప్పై రెండే. అర నిమిషానికి."

కుముదిని తెర వదిలి ఆయన వైపు తిరిగింది.

"అర నిమిషమేమిటి?" అంది కుముదిని.

"ఊపిరి బిగబట్టి లెక్కెట్టాలి కదండీ. మన ఊపిరాడతా ఉంటే ఇంజను చప్పుడు సరిగ్గా చెవికెక్కదు. అర నిమిషం మించి బిగబట్టలేం. మిల్లులో మా అందరి లెక్కా అంతేనండి, మా గురువుగారి కాణ్ణించీ. మీరు ఎంతా అన్నారు, నేను ముప్పై రెండన్నాను."

మేష్టారి భార్య. ప్రమాణం అడగలేదు.

కుముదిని చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. సలీమా గట్టిగా పట్టి ఆపింది. "ఏం చేస్తున్నావ్? ఇప్పుడాయన గుండె పగ్గాలు వదిలేసి పట్టీ వెనకాల నడుస్తోంది. ఠక్కున తీసేస్తే ఆగిపోతుంది."

నిజమే. ఆపెయ్యడానికి లేదు, అంకె మార్చాలి. కుముదిని సరైన అంకె కొట్టింది, ఒకటి పాయింటు సున్నా ఏడు. యంత్రం తీరిగ్గా జవాబిచ్చింది: మళ్ళీ నేర్చుకోడానికి పద్దెనిమిది నిమిషాలు. అంతదాకా పాత పద్ధతే, రెండు దెబ్బలకి ఒకటే. ఫల్గుణరావు దగ్గర పద్దెనిమిది నిమిషాలు లేవు. గోళ్ళు నీలమెక్కుతున్నాయి.

కుముదిని నేలమీద కూలబడింది. "నా చేతుల్తో నేనే చంపుకున్నాను" అంది.

"ఉండండమ్మా, అప్పుడే ఏడుపేటి?" నూకరాజు మంచం మీద లేచి కూచున్నాడు. "నాది రెండు కొడితే ఆయనది ఒకటి, అంతే కదా? అయితే నాది రెట్టింపు కొడితే ఆయనది సరిపోద్ది కదండీ?"

సలీమా, కుముదిని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిమిషానికి నూట ముప్పై. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పద్దెనిమిది నిమిషాలు.

"వద్దండీ, మీ గుండె తట్టుకోకపోతే?" అంది సలీమా.

"తట్టుకుంటదో లేదో నాకు తెలుసండి, ముప్పయ్యేళ్ళబట్టీ లెక్కెడతన్నాను" అని నూకరాజు నేలమీదికి దిగాడు. పట్టీ తీగ రెండు మూరలు కూడా లేదు, పరిగెత్తే దారిలేదు. ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, రెండు చేతుల్తో రెండు చెవులూ పట్టుకుని గుంజీళ్ళు మొదలెట్టాడు.

ఆ దృశ్యం చూస్తే మామూలప్పుడు ఎవరైనా పకపకా నవ్వుతారు. పంచె ఎగ్గట్టి, తలనెరిసిన మనిషి, లెక్కలు రాని పిల్లాడిలా కూచుంటూ లేస్తూ! గది అద్దం అవతల నిలబడ్డ సుభాషిణి తండ్రినే చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుముదిని లేచి తెర ముందు నిలబడి అంకెలు చదివింది. సున్నా పాయింటు ఆరు. ఏడు. తొమ్మిది. ఒకటి.

"రంగొస్తోంది!" అంది సలీమా. "ఆపకండి నూకరాజుగారూ!"

"బళ్ళో ఇన్ని తీసుంటే..." నూకరాజు రొప్పుతున్నాడు, "నేనే డాక్టరయ్యేవోణ్ణండి..."

ఎనిమిదో నిమిషానికి చొక్కా తడిసి ముద్దయింది. పన్నెండో నిమిషానికి మోకాళ్ళు వణికాయి. కుముదిని వెళ్ళి ఆయన భుజం కింద భుజం పెట్టి, ఆయనతో పాటు కూచుంటూ లేస్తూ ఉంది. ఏమంటుందో ఆవిడకే తెలీదు. "బాబాయిగారూ, ఇంకొక్కటి, ఇంకొక్కటే" అంటూ ఉంది, ఎన్ని తీసినా ఒక్కటే మిగిలినట్టు.

పదహారో నిమిషంలో సలీమాకి ఇంకో సంగతి తట్టింది. పద్ధతి మారిన మరుక్షణం ఈయన నూట ముప్పై మొత్తం ఫల్గుణరావు మీద పడుతుంది. నీరసించిన గుండె అంత దూకుడు తట్టుకోలేదు. మారే సమయానికి ఈయన వేగం దిగాలి. పద్దెనిమిదో నిమిషందాకా పరిగెత్తిన గుండెని అర నిమిషంలో దించడమెలా?

"ఊపిరి బిగబట్టి మొహం చన్నీళ్ళలో ముంచితే గుండె నిదానిస్తుంది. కానీ ఇంత రొప్పు మీద ఎవరు బిగబట్టగలరు?" అంది.

నూకరాజు నవ్వాడు. నవ్వడానికి ఊపిరి చాల్లేదు, అయినా నవ్వాడు. "నీళ్ళు తెండమ్మా" అన్నాడు.

సుభాషిణి పరిగెత్తి ఐసుముక్కలేసిన బేసిను తెచ్చింది. తెరమీద ముప్పై సెకన్లు మిగిలాయనగా నూకరాజు మొహం ముంచాడు. కుముదిని పైకి లెక్కపెట్టింది. పది. ఆయన మెడ నరాలు ఉబ్బాయి. పదిహేను. నూట ముప్పై నుంచి నూటపదికి దిగింది. ఇరవై. తొంభై ఆరు. ఇరవై ఐదు, ఎనభై ఎనిమిది. ముప్పై! పచ్చదీపం ఆరి, మళ్ళీ వెలిగింది. నూకరాజు బేసిన్లోంచి తలెత్తి, గుడ్లు తేలేసి, గదిలో గాలంతా ఒక్కసారే లోపలికి లాగాడు. మంచం మీద ఫల్గుణరావు కూడా ఊపిరి పీల్చాడు.

ఇద్దరి గీతలూ ఒకదాని వెనక ఒకటి నిదానంగా దిగి, అరవైనాలుగు దగ్గర కలిసి నడిచాయి.

మూడోనాడు ఫల్గుణరావు దిండుకి ఆనుకుని కూచుని గంజి తాగుతుంటే, కుముదిని జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆయన గ్లాసు పక్కన పెట్టి భార్యకేసి చూశాడు.

"అరమార్కు కోత" అన్నాడు.

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. ఆయన ఆవిడ చేతిని తన చేతిలోకి తీసుకుని, "కుముదా, పరీక్ష మాత్రం పాసయ్యావు" అన్నాడు.

నూకరాజు పరీక్ష మాత్రం అక్కడితో అయిపోలేదు. పట్టీ ఒంటిమీద ఉండగా ఇంజను దగ్గరికి వెళితే, ఆ అదురుకి పట్టీ ఏది గుండె దెబ్బో ఏది ఇంజను దెబ్బో పోల్చుకోలేదు. దానికి మూడువందల అడుగుల లోపలికి వెళ్ళకూడదని కుముదిని కొలిచి చెప్పాల్సి వచ్చింది. ముప్పయ్యేళ్ళు ఏ చప్పుడు విని తెల్లవారేదో ఆ చప్పుడికి దూరమైపోవడమంటే మాటలా? నూకరాజు ఇంజను తిప్పే హ్యాండిలు నూనెగుడ్డతో తుడిచి కొత్త డ్రైవరు చేతిలో పెట్టి, మిల్లు గేటు దాటి, రోడ్డవతల టీకొట్టు బల్లమీద కూచున్నాడు. రోజూ అక్కడే కూచుని వినేవాడట. "దూరం నుంచి వింటే దాని తప్పులు ఇంకా బాగా తెలుస్తన్నాయండి" అని ఫోనులో చెప్పి నవ్వేవాడు.

ఓసారి కుముదిని ఉండబట్టలేక, "మీ ఇంజను మీకు లేకుండా చేశాను బాబాయిగారూ" అంది.

"అదేటమ్మా? డ్రైవరుగిరీ ఎక్కడ పోయింది? మేష్టారి ఇంజను తోలతన్నాను కదా!"

ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆవిడకి కడుపు నిండిపోయేది. ఫల్గుణరావు మెట్లెక్కి క్లాసుకి వెళ్ళినా, పిల్లల మీద కేకలేసినా, రాత్రి ఆదమరిచి నిద్రపోయినా, అదంతా రోడ్డవతల బల్లమీద కూచున్న ఓ మనిషి పెడుతున్న భిక్ష. కుముదిని జతపట్టీ దరఖాస్తులో ఓ కొత్త గడి పెట్టించింది. 'మీ నాడి ఎంత?' అన్నదాని కిందే, 'ఎంతసేపు లెక్కపెట్టారు?' అని. అది నింపనిదే యంత్రం ముందుకి కదలదు. ఆ తర్వాత పదకొండు జతలు కుదిరాయి, పదకొండుమంది ఇళ్ళకెళ్ళారు.

ఏడాది తిరిగింది. ఓ ఆదివారం మధ్యాహ్నం ఫల్గుణరావు పేపర్లు దిద్దుకుంటున్నాడు. కుముదిని కందిపప్పు బాగుచేస్తూ, అలవాటుగా ఆయన పట్టీ అంకె చూసి చేట కింద పెట్టేసింది. ఒకటి పాయింటు ఏడు ఐదు హెర్ట్జ్. అంటే నిమిషానికి నూట ఐదు! కూచుని పేపర్లు దిద్దే మనిషికి!

"ఏవండీ, ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉంది" అన్నాడాయన, రొమ్ము మీద చెయ్యేసుకుని. "బాగుండటం కాదు కుముదా, ఏదో చెప్పలేని సంతోషంగా ఉంది. ఎందుకో తెలీడం లేదు. ఈ వెధవ పేపర్లు చూస్తే సంతోషపడేదేమీ లేదు."

ఆవిడ నూకరాజుకి ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. అంకె ఒకటి పాయింటు ఎనిమిదికి ఎక్కింది. ఆయనకేమైనా అయిందా? కుముదిని చెప్పులేసుకోబోతుంటే ఫోను మోగింది.

"అమ్మా! ఆడపిల్లమ్మా! మా సుబాసిణికి ఆడపిల్ల పుట్టింది! తల్లీ పిల్లా చల్లగా ఉన్నారు. ఫోను సూసుకోలేదండి, కంగారులో. మేష్టారికి చెప్పండి, తాతయ్యేరని!"

ఫల్గుణరావు కుర్చీలోంచి లేచి నిలబడి, రొమ్ము మీద చెయ్యి తియ్యకుండా, "ముందే తెలిసింది నూకరాజూ, ముందే తెలిసింది" అన్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"అమ్మా, ఇంకో మాటండి" అన్నాడు నూకరాజు, గొంతు తగ్గించి, పెద్ద రహస్యంలా. "పాపని ఒళ్ళో ఎట్టుకుని గుండె లెక్కెట్టేనండి. డెబ్బై!"

కుముదిని గుండె ఒక్కసారి జారింది. పురిటిబిడ్డకి డెబ్బై అంటే సగమే! నర్సుని పిలవమని చెప్పబోయి, నోటిదాకా వచ్చిన మాట మింగి, కుర్చీ చెయ్యి పట్టుకుని, ఏడాదికిందట అడగాల్సిన ప్రశ్న అడిగింది.

"బాబాయిగారూ, ఎంతసేపు లెక్కపెట్టారు?"

"అదేటమ్మా, కొత్తగా అడుగుతారు? ఊపిరి బిగబట్టి, అర నిమిషం!"

నూట నలభై. బిడ్డ గుండె ఎలా కొట్టాలో అలాగే కొడుతోంది. కుముదిని అలాగే కూలబడి, ఫోను గుండెలకి హత్తుకుంది. తర్వాత మొగుడి చేతిలోంచి ఎర్రసిరా పెన్ను తీసుకుని, ఎదురుగా ఉన్న కాగితం అంచున నూట నలభైని అరవైతో భాగించి, రెండు పాయింటు మూడు మూడు అని రాసింది.

ఫల్గుణరావు కళ్ళు తుడుచుకుంటూ వంగి చూసి, "ప్రమాణం?" అన్నాడు.

"రాస్తున్నానండీ" అని ఆవిడ పక్కనే, గుండ్రటి అక్షరాలతో, హెర్ట్జ్ అని రాసింది.